గప్పీలకు జత లెక్క పనికిరాదు

పిల్లలూ! పావురాలను జతగా పెంచుతాము గదా అని, గాజుతొట్టెలోకి గప్పీ చేపలను కూడా "ఒక జత ఇవ్వండి" అని కొంటూ ఉంటాము. ఆడ ఒకటి, మగ ఒకటి. చూడటానికి న్యాయంగానే ఉంది. కాని ఈ లెక్క ఆడచేప ప్రాణం మీదికి వస్తుంది. ఎలాగో చూడండి.

గప్పీల పుట్టిల్లు దక్షిణ అమెరికా ఈశాన్య ప్రాంతమూ, దాని పక్కనే ఉన్న ట్రినిడాడ్ దీవీను. చాలా చేపలు గుడ్లు పెడతాయి. గప్పీ అలా కాదు. గుడ్లను కడుపులోనే దాచుకుని, ఈదగలిగిన పిల్లలనే కంటుంది.

ఆడ, మగ గుర్తుపట్టటం తేలిక. మగది సన్నగా, రంగుల తోకతో ఉంటుంది. ఆడది పెద్దది, లావుపాటిది. పొట్ట కింద తోకవైపున ఉన్న రెక్కను చూడండి. అది విసనకర్రలా ఉంటే ఆడది. సన్నని పుల్లలా ఉంటే మగది.

మగ గప్పీ రోజంతా ఆడచేప వెంట పడుతూనే ఉంటుంది. ఈ వేధింపువల్ల ఆడచేపలు మేత మేసే సమయం తగ్గిపోతుందని ట్రినిడాడ్ వాగులలో పరిశోధకులు గమనించారు. వాగులో అయితే ఎటైనా పారిపోవచ్చు. తొట్టెలో ఎక్కడికి పోతుంది? మూలన నక్కుతుంది, రెక్కలు ముడుస్తుంది, నీరసించి చచ్చిపోయినా పోవచ్చు. అందుచేత ఒక మగదానికి రెండు మూడు ఆడచేపలుండాలి. అప్పుడు తరుముడు అందరికీ పంచుకుపోతుంది. దాక్కోవటానికి నీటిమొక్కలు కూడా గుబురుగా వెయ్యండి.

అయితే ఇక్కడ మరొక లెక్క ఉంది. ఆడ గప్పీ సుమారు నాలుగు వారాలకొకసారి ఈనుతుంది. కాన్పుకు 20 పిల్లల చొప్పున వేసుకున్నా మూడు ఆడచేపలకు 60! పెద్దచేపలు కొన్నిటిని మింగేసినా చాలా మిగులుతాయి. మగచేపను తీసేస్తే సరి అనుకోకండి. ఒకసారి కలిసిన తరువాత ఆడచేప మగబీజాన్ని నెలల తరబడి ఒంట్లో నిలువ ఉంచుకుని, మళ్ళీ మళ్ళీ ఈనగలదు. పిల్లలే వద్దనుకుంటే మొదటినుంచీ మగచేపలను మాత్రమే పెంచండి. పిల్లలు కావాలంటే, నెల దాటగానే పుల్లరెక్క కనిపించినవాటిని వేరే తొట్టెలోకి మార్చండి.

ఎక్కువైన చేపలను చెరువులోనో కాలువలోనో వదలకండి. అవి అక్కడి చిన్నచేపలతో మేతకు పోటీపడతాయి, వాటి గుడ్లనూ పిల్లలనూ తింటాయి. పెంచుకునే స్నేహితులకు ఇవ్వండి.

ఇప్పుడొక లెక్క. ఒక తొట్టెలో మగచేపలు 4, ఆడచేపలు 4 ఉన్నవి. కొత్త చేపను కొనకుండా, ఒక్కదాన్నీ పారెయ్యకుండా సరిచెయ్యాలి. పక్కన ఖాళీ తొట్టె ఒకటి ఉంది. ఏం చేస్తారు? అమ్మానాన్నలతో కూర్చుని ఆలోచించి, నోటుపుస్తకంలో జవాబూ, దానికి కారణమూ రెండూ రాయండి.