సగం నీటిలో, సగం గాలిలో

ప్రొపెల్లరు ఎల్లప్పుడూ నీటిలో మునిగి ఉండాలన్నది నౌకానిర్మాణంలో తొలిపాఠం. అది పైకి తేలి గాలిని పట్టిందంటే ఇంజను వృథాగా గిర్రున తిరుగుతుందే తప్ప పడవ ముందుకు సాగదు. అటువంటిది, ప్రొపెల్లరులో సగభాగాన్ని బుద్ధిపూర్వకంగానే నీటి పైన ఉంచి, గంటకు ఎనభై కిలోమీటర్లకు మించిన వేగంతో పడవను పరుగెత్తించే ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని సర్ఫేస్ డ్రైవ్ అంటారు. ఈ నెల మా శీర్షికలో దాని సంగతి ముచ్చటించదలచాము.

ముందుగా పాతకథ ఒకటి. 1894లో ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ తన ఆవిరి టర్బైనును 'టర్బీనియా' అనే చిన్న నౌకలో అమర్చారు. టర్బైను శక్తికి లోటు లేదు గాని, నౌక మాత్రం ఆశించిన వేగాన్ని అందుకోలేదు. పార్సన్స్ నీటితొట్టెలో నమూనాలు తిప్పి చూడగా దోషం ప్రొపెల్లరు దగ్గర ఉన్నదని తేలింది. రెక్క అతివేగంగా తిరిగినప్పుడు దాని వెనుకవైపున పీడనం పడిపోతుంది. పీడనం తగ్గితే నీరు చల్లగా ఉండగానే మరుగుతుంది కదా! అలా పుట్టిన ఆవిరిబుడగలలో రెక్కలు పట్టు కోల్పోయాయి. పార్సన్స్ మూడు ఇరుసులకు మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు బిగించి భారాన్ని పంచారు. 1897లో స్పిట్‌హెడ్ నౌకాదళ సమీక్షలో టర్బీనియా అందరి కన్నుల ముందు దూసుకుపోయింది.

ఈ కావిటేషన్ మన పంపుల విభాగం వారికి కొత్త కాదు. ఆవిరిబుడగ ఎక్కువ పీడనం గల చోటికి చేరగానే పగిలి కుప్పకూలుతుంది. ఆ దెబ్బకు ఇంపెల్లరు లోహం చెదపురుగు తిన్నట్లు గుంటలు పడుతుంది. వేగపు పడవల ప్రొపెల్లర్లకూ ఇదే శత్రువు.

సర్ఫేస్ డ్రైవ్ ఈ శత్రువును ఆవిరికి బదులు గాలితో ఎదుర్కొంటుంది. ఇందులో ప్రొపెల్లరు పడవ అడుగున కాక వెనుక గోడకు ఆవల ఉంటుంది. ఇరుసు దాదాపు నీటిమట్టంతో సమానంగా వెనుకకు చాచుకొని ఉంటుంది. ప్రతి రెక్కా ఒక్కొక్క చుట్టులో ఒకసారి గాలిలోకి లేచి, మళ్ళీ నీటిలోకి దిగుతూ తన వెంట గాలిని తీసుకువెళుతుంది. రెక్క వెనుక ఏర్పడే ఖాళీని ఆ గాలి నింపుతుంది. గాలి ఆవిరివలె ఒక్కసారిగా నీరై కుప్పకూలదు గనుక రెక్కకు ఆ దెబ్బ తగలదు. నీటిని చీల్చుకొని దిగేందుకు వీలుగా రెక్క ముందంచు పదునుగా, వెనుకంచు మందంగా ఉంటుంది.

రెండవ లాభం ఇంకా పెద్దది. మామూలు పడవకు అడుగున ఇరుసు, దానిని మోసే ఊతలు, చుక్కాని అన్నీ నీటిలో వేలాడుతూ ఉంటాయి. వేగం రెట్టింపైతే వాటిపై నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. సర్ఫేస్ డ్రైవ్‌లో ఇవి చాలావరకు నీటికి పైనే ఉంటాయి. ఇరుసును హైడ్రాలిక్ సిలిండర్లతో పక్కలకు తిప్పితే చుక్కాని పని జరుగుతుంది. పైకి ఎత్తితే లోతులేని నీటిలోనూ పడవ నడుస్తుంది. ఆల్బర్ట్ హిక్‌మన్ తన 'సీ స్లెడ్' పడవలలో ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలోనే ఇటువంటి ప్రొపెల్లరు వాడారు. ఎటైనా తిప్పగల నేటి రూపానికి ప్రచారం తెచ్చినది ఈతకొలనులను శుభ్రపరచే యంత్రంతో పేరు పొందిన అమెరికా వాసి హోవర్డ్ ఆర్నెసన్.

ఇంత లాభం ఉచితంగా రాదు. నిమిషానికి 2000 చుట్లు తిరిగే ప్రొపెల్లరులో ఒక్కొక్క రెక్క గంటకు 1,20,000 సార్లు నీటిని ఢీకొంటుంది. లోహం అలసిపోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. బయలుదేరే సమయంలో ప్రొపెల్లరు పూర్తిగా మునిగి ఉంటుంది గనుక ఇంజనుపై భారం విపరీతం; కొన్ని పడవలలో గొట్టం ద్వారా గాలిని పంపి ఆ భారం తగ్గిస్తారు. వెనుకకు నడిపితే తోసిన నీరు పడవ గోడకే కొట్టుకుంటుంది. కింది సగం రెక్కలే నీటిని తోయడం వల్ల పడవ పక్కకు లాగుతుంది. అందుకే ఎదురెదురు దిశలలో తిరిగే ప్రొపెల్లర్లను జతగా వాడతారు.

కనుక ఇది ఎక్కడ తగునో అక్కడే తగును. మన సోదర ప్రభుత్వరంగ సంస్థ గోవా షిప్‌యార్డు ఇజ్రాయెల్ సహకారంతో నిర్మించిన టి-81 నౌక 1999లో నౌకాదళంలో చేరి 2021లో సేవ విరమించింది. 25 మీటర్ల పొడవు, 60 టన్నుల బరువు, 45 నాట్ల వేగం. అది చెందిన సూపర్ ద్వోరా మార్క్-2 తరగతికి సర్ఫేస్ డ్రైవ్‌లే చోదకాలు. లోతులేని తీరజలాలలో అనుమానాస్పదమైన పడవను వెంబడించి పట్టవలసిన సిబ్బందికి ఆ వేగమే రక్ష. అదే యంత్రాన్ని రోజుకు ఇరవైసార్లు రేవులో ఆగి, వెనుకకు తిరిగి, నెమ్మదిగా బయలుదేరే ప్రయాణికుల పడవకు బిగిస్తే దాని లోపాలన్నీ ప్రతి మజిలీలోనూ బయటపడతాయి.

యంత్రాల కొనుగోలు పత్రాలపై సంతకాలు చేసే మన సహోద్యోగులకు ఈ కథ అక్కరకు రావచ్చు. కరపత్రంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలలో అచ్చయ్యేది గరిష్ఠ సామర్థ్యం. మన యంత్రం తన ఆయుష్షులో ఎన్ని గంటలు ఆ స్థాయిలో పనిచేస్తుంది, తక్కిన గంటలలో ఎలా నడుస్తుంది, అలసిన భాగాన్ని ఎవరు, ఎక్కడ, ఎన్ని రోజులలో మారుస్తారు? ఖర్చయ్యేది ప్రజాధనం గనుక ఈ ప్రశ్నలకు జవాబులు రాతమూలకంగా అందిన తరువాతనే సంతకం చేయడం ఉచితమని మా మనవి.