బీరువాలో దాచిన పుస్తకం

తొమ్మిది నెలల టీకాకు పాపను తీసుకొచ్చిన ఓ తల్లి, ‘అక్షరాల పుస్తకం కొన్నాం సార్. నోట్లో పెట్టుకుని నములుతోందని బీరువాలో దాచేశాం’ అంది. పాప చేతిలో మాత్రం ఫోన్ ఉంది. నన్నడిగితే దాచాల్సింది ఆ ఫోన్‌ని. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఈ వయసులో ఏ వస్తువునైనా పిల్లలు నోట్లో పెట్టుకునే తెలుసుకుంటారు. అందుకే పుస్తకం దళసరి అట్టలతో, గుండ్రటి మూలలతో, తడిగుడ్డతో తుడవడానికి వీలుగా ఉండాలి. శబ్దాలు చేసే పుస్తకాలు వద్దు. వాటిలోని బటన్ బ్యాటరీ ఊడివచ్చి బిడ్డ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

పుట్టిన కొత్తలో 20–30 సెంటీమీటర్ల దూరంలోనివే బిడ్డకు బాగా కనిపిస్తాయి. పేజీకో పెద్ద నలుపు తెలుపు బొమ్మ చాలు. ఆరు నెలలు దాటాక ముఖాలు, కుక్క, అరటిపండు లాంటి రోజూ చూసేవి ఉండాలి. ఏడాది దాటేసరికి బొమ్మను వేలితో చూపిస్తారు, అట్టలు తిప్పుతారు. అక్షరాలకు ఇంకా చాలా టైముంది.

ఖరీదైనదే కొనక్కర్లేదు. రోజూ ఐదు నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టుకుని ‘ఇదిగో కాకి’ అని చూపిస్తే చాలు. బిడ్డకు మాటలు వచ్చేది మీ మాటలు వినే. బీరువా తెరవండి. నమిలి పాడుచేస్తే ఇంకోటి కొనుక్కోవచ్చు.