ఆడపిల్లకు పేరు పెట్టేముందు

ఇంట ఆడపిల్ల జన్మించగానే పెద్దలు, పిన్నలు అందరూ కలిసి పేరు కోసం వెదుకుతారు. ఊరిలో మరెవరికీ లేని పేరు కావాలన్నది నేటి తల్లిదండ్రుల కోరిక. ఆ కోరికలో తప్పేమీ లేదు. కాని ఆ పేరు ఏ భాషది, దాని అర్థమేమిటి అన్న విచారణ చాలా ఇళ్లలో చివరికి మిగిలిపోతున్నది. శిశువు పుట్టిన ఏడవ రోజున అఖీఖా చేసి పేరు పెట్టడం ప్రవక్త సంప్రదాయం. కనుక విచారించడానికి వ్యవధి ఉన్నది.

దైవప్రవక్త (స) పేర్ల అర్థాన్ని ఎంతగా పట్టించుకునేవారో హదీసులు తెలుపుతున్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె ఒకరికి ‘ఆసియా’ అనే పేరు ఉండగా, ఆయన దానిని ‘జమీలా’గా మార్చారు. ఫిరౌన్ భార్య అయిన పుణ్యవతి పేరు కూడా ఆసియాయే కదా అని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఆమె పేరు అలిఫ్, సీన్ అక్షరాలతో ఉంటుంది. ప్రవక్త (స) మార్చినది ఐన్, సాద్ అక్షరాలతో వ్రాసే పేరు. దానికి ‘అవిధేయురాలు’ అని అర్థం. తెలుగు లిపిలో రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. అందువల్ల తెలుగు, ఇంగ్లీషు జాబితాలు చూసి పేరు ఎంచుకునేవారు దాని అరబీ అక్షరాలను ఆలిమ్‌ను అడిగి నిర్ధారించుకోవడం అవసరం.

దివ్యఖుర్ఆన్‌లో ఉన్న పదమైతే చాలునన్న అభిప్రాయం కూడా సరికాదు. ‘లజా’, ‘సఖర్’ అన్నవి వినడానికి ఇంపుగానే ఉంటాయి. కాని రెండూ నరకాగ్నికి పేర్లు. ‘సల్సబీల్’, ‘తస్నీమ్’ స్వర్గంలోని సెలయేళ్ల పేర్లు.

అరుదైన పేర్లకు మన చరిత్రలో కొదువ లేదు. కొన్నింటిని ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

రుఫైదా: ‘రిఫ్ద్’ అనగా సహాయం, కానుక. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)కు చికిత్స జరిగినది హజ్రత్ రుఫైదా (రజి) గుడారంలోనే.

షిఫా: స్వస్థత. అక్షరాస్యులు బహు కొద్దిమంది ఉన్న కాలంలో హజ్రత్ షిఫా (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు వ్రాత నేర్పారు.

లుబాబా: సారం, గింజలోని పప్పు. ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) సతీమణి ఉమ్ముల్ ఫజ్ల్ (రజి) అసలు పేరు ఇదే.

ముఆజా: దైవ శరణులో ఉంచబడినది. బస్రా నగరానికి చెందిన ఈ విదుషీమణి హజ్రత్ ఆయిషా (రజి) నుండి హదీసులు ఉల్లేఖించారు.

బరీరా: మిస్వాక్‌కు వాడే అరాక్ చెట్టు పండును ‘బరీర్’ అంటారు. హజ్రత్ ఆయిషా (రజి) బానిసత్వం నుండి విడిపించిన స్త్రీ హజ్రత్ బరీరా (రజి). భర్త వద్దకు తిరిగి వెళ్లమని ప్రవక్త (స) సూచించినప్పుడు, ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కేవలం సిఫారసు అని తెలిసి, వినయంగానే నిరాకరించారు. ఆమె నిర్ణయాన్ని ఆయన గౌరవించారు.

పేరు అరబీలోనే ఉండాలన్న నియమం లేదు. గోల్కొండ రాకుమార్తె హయాత్ బక్షీ బేగం పేరులోని ‘బక్షీ’ ఫార్సీ పదం. జీవితాన్ని ప్రసాదించేది అని ఆ పేరుకు భావం. హైదరాబాదు సమీపాన హయత్‌నగర్ ఆమె పేరిటే వెలసింది.

ఇప్పటికే పెట్టిన పేరుకు చెడు అర్థం ఉన్నదని తెలిస్తే మార్చడానికి సంకోచించనక్కరలేదు. అదీ ప్రవక్త సంప్రదాయమే. బడిలో చేర్చకముందే మార్చడం సులువు. జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బడి రికార్డులో ఒకే వర్ణక్రమం ఉండేలా చూడండి. ఆ పేరు గల మహనీయురాలి జీవితగాథను, మాటలు వచ్చిన నాటి నుండే మీ అమ్మాయికి చెబుతూ ఉండండి.