పిట్టలకు దొరికింది మా ఒక్క చేనే

వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,



నేను తాండూరు వైపు నల్లరేగడిలో కందితోపాటు ఒక ఎకరం తెల్లజొన్న వేసే రైతును. ఈ ఉత్తరం పిట్టల గురించి. నాపరాళ్ల లారీల దుమ్ము, గుంతల రోడ్లు, ఆదివారాలు అనంతగిరి మీద పోగయ్యే చెత్త, ఇన్ని ఉండగా మీ ముందుకు పిట్టల మీద ఫిర్యాదు తేవడం చిన్నతనంగా కనిపించవచ్చు. కానీ యాసంగి జొన్న ఎందుకు మానుకున్నారని మా వైపు ఏ రచ్చకట్ట మీదైనా అడిగి చూడండి. ధర లేదని కొందరంటారు, కోతకు కూలీలు దొరకరని కొందరంటారు. అందరూ ఒప్పుకునే మాట మాత్రం ఒకటుంది: "పిట్టలతోని ఏగలేం సార్."

ఆ మాట మీ దాకా రాదు. సోమవారం ప్రజావాణిలో చిలుక మీద అర్జీ పెట్టేవాడెవడు? రైతు మరుసటి ఏడు పత్తి విత్తనాల ప్యాకెట్లు తెచ్చుకుంటాడు, అంతే. కాగితాల్లో అది పంట మార్పిడి కింద జమ అవుతుంది. వెనకాల పిట్ట ఉందని ఏ నివేదికలోనూ ఉండదు.

మా దగ్గర జొన్న కంకి పాలు పట్టేది సంక్రాంతికి అటూ ఇటూ. తెల్లారగానే మొదట దిగేవి రామచిలుకలు. అవి తినేదానికన్నా పారేసేది ఎక్కువ. కంకిని కొరికి, నాలుగు గింజలు నమిలి, మిగతాది కింద పడేసి ఇంకో కంకి మీదికి పోతాయి. ఇవే చిలుకలు లండన్ పార్కుల్లో గుంపులు కట్టి తిరుగుతుంటే అక్కడున్న మన పిల్లలు వీడియో తీసి ఇంటికి పంపి మురుస్తారు. అక్కడివాళ్లు మాత్రం వాటి గోల భరించలేక మాలాగే తిట్టుకుంటారట. ఇక ఊరపిచ్చుకలు, గిజిగాళ్లు గుంపుగా వాలి ఓపికగా ఒలుస్తాయి. గువ్వలు రాలినవి ఏరుకుంటాయి, వాటితో పేచీ లేదు.

అన్నిటికన్నా భయం పలిసపిట్టలంటే. గోరింక జాతే. నల్ల తల, నల్ల రెక్కలు, గులాబీ రంగు ఒళ్లు. వందల గుంపు ఒక్క ఊపున చేను మీద దిగుతుంది. ఈ మూల నుంచి అరిస్తే లేచి ఆ మూలకు పోతుంది, అక్కడికి పరుగెత్తితే మళ్లీ ఈ మూలకే వస్తుంది.

ఈ పిట్ట మన దగ్గర గుడ్లు పెట్టదు. తూర్పు యూరప్ నుంచి మధ్య ఆసియా దాకా ఉన్న గడ్డిమైదానాలు దాని పుట్టిల్లు. అక్కడ పిల్లల్ని సాకే కాలంలో దాని తిండి మిడతలు. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బారి నుంచి గడ్డిభూములను కాపాడుకోవడానికి 1980ల నుంచి ఈ పిట్టల కోసం రాళ్లు పేర్చి, ఇటుకలతో గూళ్లు కట్టి పెడుతున్నారు. మందు చల్లడం కన్నా పిట్టను పిలుచుకోవడం మేలని వాళ్ల లెక్క. అదే పిట్ట చలికాలానికి మన దక్కనుకు వచ్చేసరికి గింజల మీద, పండ్ల మీద పడుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు మోదుగ, బూరుగ పూల తేనె తాగి పోతుంది. వాళ్లు ఇల్లు కట్టి పిలిచేదాన్ని మేము డబ్బా కొట్టి తోలుతున్నాం. ఇందులో పిచ్చివాళ్లెవరూ లేరు. రెండు చోట్ల రెండు ఆకళ్లు, అంతే.

షిన్‌జియాంగ్ దాకా ఎందుకు, మన జిల్లాలోనే పిట్టకు రెండు మర్యాదలు జరుగుతున్నాయి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కందికి పూత, కాయ దశలో గండం శనగపచ్చ పురుగు. దాన్ని తగ్గించుకోవడానికి ఎకరాకు 20 పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే అడ్డకర్ర కట్టిన గుంజలు పాతాలి. ఏట్రింతలు, గోరింకలు వాటి మీద వాలి పురుగుల్ని ఏరుకుని తింటాయి. గుంజలు పాతే ఓపిక లేకపోతే కంది విత్తనంలో కొంచెం జొన్న కలిపి వేసినా చాలు, పెరిగిన జొన్న మొక్కలే పిట్టలకు ఆసరా అవుతాయి. మా పెద్దవాళ్లు జొన్నా కందీ కలిపి వేసిన రోజుల్లో ఎవరూ స్థావరాల మాట ఎత్తాల్సిన పని పడలేదు.

అంటే ఒక సర్వే నెంబరులో పిట్టను పిలవమంటున్నాం, పక్క సర్వే నెంబరులోంచి తోలమంటున్నాం. రెండు సలహాలూ సరైనవే. పిట్టకు మాత్రం పాస్‌బుక్కు లేదు. జొన్న చేనిలో మందు గింజలు పెట్టి చంపితే అది కంది చేనికి కూడా చచ్చినట్టే. రాత్రి ఎలుకల్ని పట్టే గుడ్లగూబ, ఆ మందు తిన్న ఎలుకను మింగి, చెప్పకుండా పోతుంది.  

అసలు మాటకు వస్తాను. పిట్టలు పెరిగాయని అందరూ అంటారు. నేను దాన్ని నమ్మను. తగ్గింది జొన్న. ఊరంతా జొన్న ఉన్నప్పుడు అదే గుంపు వచ్చేది, కానీ ఒక్కో చేను మీద పడే వాటా తక్కువ. ఇప్పుడు చుట్టూ కంది, పత్తి, మొక్కజొన్న. నడుమ ఒకడి ఎకరం జొన్న. రెండు మూడు ఊళ్ల పిట్టలకు అదొక్కటే బువ్వ. నష్టం చూసి ఆ ఒక్కడూ మానుకుంటాడు. మరుసటి ఏడు గుంపు పక్క ఊళ్లో మిగిలిన ఒక్కడిని వెతుక్కుంటుంది. జొన్నను మా వైపు నుంచి ఇలా ఒక్కో చేను చొప్పున ఖాళీ చేయించిన వాళ్లలో పిట్టలతోపాటు మేమూ ఉన్నాం.

ఇందులో కొంచెం లెక్క ఉంది, వినండి. పిట్టల నష్టం చేను అంచుల్లో ఎక్కువ. గట్టు మీది చెట్టు, కరెంటు తీగ, పొద, అక్కడినుంచి ఒక్క ఎగురు ఎగిరితే కంకి. లోపలికి పోతే మనిషి వస్తే పారిపోవడం కష్టమని వాటికీ తెలుసు. ఒక ఎకరం చతురస్రంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 835 అడుగులు. నూరు మంది నూరు చోట్ల ఒక్కో ఎకరం వేస్తే కాపలా కాయాల్సిన అంచు 83 వేల అడుగులు దాటుతుంది. ఆ నూరు ఎకరాలే ఒక్క ముక్కగా ఉంటే అంచు సుమారు 8,350 అడుగులు. పదో వంతు. పంట అదే, పిట్టలు అవే, రైతులు అవే. విత్తుకునే చోటు ఒక్కటే మారింది.

చోటుతోపాటు రోజు కూడా. ఒకడు సెప్టెంబరులో, ఒకడు అక్టోబరు చివర విత్తితే పిట్టలకు రెండు నెలల పెళ్లి భోజనం, ఒక బంతి లేవగానే ఇంకో బంతి. అందరి కంకులూ ఒకే వారంలో పాలు పడితే వాటి కడుపులకు ఒక హద్దు ఉంటుంది. ఇది ఏ ఒక్క రైతు చేతిలోనూ లేని పని. నేను ఎంత తెలివిగా నా ఎకరం వేసినా పక్కవాడు పత్తి వేస్తే నా అంచు నాదే. అందుకే ఈ ఉత్తరం ఎరువుల దుకాణానికి రాయకుండా మీకు రాస్తున్నాను.

పూర్వం మంచె ఉండేది, వడిసెల ఉండేది. మంచె మీద ఎక్కువగా కూర్చున్నది పిల్లలే. ఆ పిల్లలు ఇప్పుడు బడిలో ఉన్నారు, ఉండాల్సింది అక్కడే. పాత రోజులు బాగున్నాయని నిట్టూర్చే వాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. కానీ పిల్లవాడు దిగిపోయిన మంచె మీదికి ఇంకెవరూ ఎక్కలేదు. పొద్దున రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు, పాలు పట్టింది మొదలు గింజ గట్టిపడేదాకా ఒక మనిషి ఉండాలి. ఎకరానికి ఒక మనిషి కూలి ఏ జొన్నా మోయలేదు. నూరు ఎకరాల ముక్కకు పది మంది కూలి సులువుగా మోస్తుంది.

మనిషి దొరకని చోట జనం దొరికిందల్లా పెడుతున్నారు. బెదురుబొమ్మ మీద కాకి కూర్చుంటుంది, దాని సంగతి చెప్పనక్కర్లేదు. పాత క్యాసెట్ టేపులు కట్టారు, కొన్నాళ్లు పనిచేశాయి. బ్యాటరీ మైకులో హో హో అని ఒకే అరుపు రోజంతా మోగిస్తే పిట్టలకు అలవాటైపోతుంది, పక్క ఇంటివాళ్లకు కాదు. నైలాన్ వలలు కప్పితే చిలుకలు, పాములు, ఒక్కోసారి పాలపిట్టలు కూడా ఒంటికి దారం చుట్టుకుని ఎండకు వేలాడి చస్తున్నాయి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి, దసరా నాడు దాన్ని చూడటం శుభమని ఊరి బయటికి పోతాం, మిగతా రోజుల్లో అది మన వలలో ఉంటుంది. కార్బైడ్ పైపు తుపాకులు కూడా వచ్చాయి. కోతుల్ని, పిట్టల్ని బెదిరించడానికి కొన్నది ఇంట్లో ఆటవస్తువు అవుతుంది. 2025 దీపావళికి భోపాల్‌లోనూ మధ్యప్రదేశ్‌లోని ఇతర పట్టణాల్లోనూ వాటితో పిల్లల కళ్లు కాలాయి. మన సంతల్లోకి వాటిని రానివ్వకండి.

పనికొచ్చేవి లేకపోలేదు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పక్షుల నష్టం మీద ఏళ్లుగా పనిచేసిన విభాగం ఉంది. వాళ్లు చెప్పే పద్ధతులున్నాయి. ఒకవైపు ఎరుపు, ఒకవైపు వెండి మెరుపు ఉన్న రిబ్బన్‌ను మెలితిప్పి కంకుల కన్నా కొంచెం ఎత్తులో కడితే ఎండకు తళుక్కుమంటుంది, గాలికి జుమ్మంటుంది. మొక్కజొన్నలో అంచు వరుసల కండెలకు పక్క ఆకులే చుట్టి దాచితే చిలుకలు లోపలి వరుసల దాకా రావు. ఖర్చు లేని పని. రిబ్బన్ కూడా కొన్నాళ్లకు పిట్టలకు పాతబడుతుంది కాబట్టి పాలు పట్టే వేళకే కట్టాలి, ముందే కట్టి కూర్చోకూడదు. ఇవి తాండూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం గేటు దాటి ఊళ్లోకి రావాలంటే ఎవరో ఒకరు చేనులో నిలబడి కట్టి చూపించాలి. పిట్ట ముట్టని ఎర్రజొన్నలు వేసుకోమని కూడా కొందరు సలహా ఇస్తారు. వగరుకు పిట్ట ముట్టదు, నిజమే. రొట్టె చేస్తే మేమూ ముట్టం.

నెమలి గురించి ఒక్క మాట, ఎక్కువ రాస్తే కేసవుతుందేమోనన్న భయం మా ఊళ్లో ఉంది. 1963 నుంచి జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. చట్టం అలాగే ఉండాలి. కానీ అనంతగిరి కింద, అడవి అంచు ఊళ్లలో విత్తిన పల్లీ గింజను గీకి తినేదీ, మొలకను గిల్లేదీ, టమాటాను పొడిచేదీ అదే. అడవిపందో, జింకో పడితే అడుగుల గుర్తులు చూపించవచ్చు. నెమలి నష్టం అడిగితే అటవీ శాఖ మనిషి నవ్వుతాడు, వ్యవసాయ శాఖ మనిషి అటవీ శాఖ వైపు చూపిస్తాడు. కాపాడమని చట్టం రైతుకు చెప్పినప్పుడు, ఆ కాపాడిన ఖర్చును రాసుకోవడానికి ఒక గడి అయినా ఉండాలి కదా. అది లేకే కొందరు రాత్రిపూట మందు గింజలు చల్లుతున్నారు. పట్టుబడినవాడికి శిక్ష వేయండి. గడి కూడా పెట్టించండి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. యాలాల, బషీరాబాద్, పెద్దేముల్, తాండూరు మండలాల్లో నల్లరేగడి ఉన్న ఊళ్లు నాలుగైదు ఎంచండి. ఒక్కో ఊళ్లో పక్కపక్కన ఉన్న నూరు ఎకరాలకు తెల్లజొన్న ఒప్పించి, ఒకే వారంలో విత్తేలా విత్తనం ఇప్పించండి. ఆ ముక్కకు కావలి మనుషుల కూలి మొదటి ఏడు జిల్లా నిధిలోంచి ఇవ్వండి. రెండో ఏడు మేమే గింజల్లో కొలుస్తాం. ముక్క గట్ల మీద కుసుమ వేయించండి. ముళ్లకు పశువులు లోపలికి రావు, నూనెగింజా దక్కుతుంది, ఆ పంట మన తాండూరుకు కొత్తది కాదు. కోత అయ్యాక విడి ఎకరాల్లో ఎంత పోయిందో, ముక్కలో ఎంత పోయిందో విశ్వవిద్యాలయం వాళ్ల చేత కొలిపించండి. నా లెక్క తప్పని తేలితే వచ్చే ఏడు నేనూ పత్తే వేసుకుంటాను.

చిరుధాన్యాల సంవత్సరమని 2023లో ఎన్నో సభలు జరిగాయి. హైదరాబాద్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్క జొన్నరొట్టెల బండ్ల దగ్గర జనం నిలబడుతున్నారు. ఆ రొట్టె పిండి ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి అడిగించండి. చాలావరకు సరిహద్దు అవతల కర్ణాటక, సోలాపూర్ వైపు నుంచి అని చెబుతారు. అక్కడా పిట్టలున్నాయి, అవే పలిసపిట్టలు. కానీ అక్కడ జొన్న ఇంకా ఊరు ఊరంతా ఉంది.

యాసంగి జొన్న మా నేలలో సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ లోపల పడాలి. ఆగస్టులో ఒక రోజు తాండూరు మార్కెట్ యార్డులో రైతుల్ని, వ్యవసాయ శాఖవాళ్లను, అటవీ శాఖవాళ్లను ఒకే బల్ల ముందు కూర్చోబెడితే ఈ ఏడుకే అందుతుంది. పలిసపిట్టలు అప్పటికి బయలుదేరి ఉంటాయి.

ఇట్లు,
తాండూరు వైపు జొన్న రైతు