ఎయిర్ ఫిల్టరును కడుగుట ఎవరి పని?

మోటారు సైకిళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు మన విద్యార్థులు వేగమును గూర్చియు, ధ్వనిని గూర్చియు గంటలకొలది మాటలాడుదురు. అది ఊపిరి పీల్చు ద్వారమును గూర్చి మాటలాడువారు అరుదు. ఆ ద్వారమున కావలియుండు చిన్న వస్తువే ఎయిర్ ఫిల్టరు. దానిని శుభ్రపఱచుట ప్రధానముగా బండి నడపువాని పనియే గాని మెకానిక్కు పని కాదని నా యభిప్రాయము. బాటలేని నేలమీదను, ఇసుకలోను, బురదలోను నడుచుటకై చేయబడిన డర్ట్ బైకు విషయమున ఈ మాట మఱింత నిజము.

ఇంజనునకు పెట్రోలొక్కటియే ఆహారమని పలువురు తలంతురు. కాని ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. లెక్క వేసి చూడుడు. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. దానికి వలయు గాలి దాదాపు 11 కిలోలు. అనగా సుమారు 9,000 లీటర్లు. ముందుపోవు బండి లేపిన ధూళిలో ఇంత గాలిని పీల్చునప్పుడు దానితో ఎంత దుమ్ము వచ్చునో యోచింపుడు. ఆ దుమ్ములో క్వార్ట్జు రేణువులు సామాన్యముగా నుండును. ఖనిజముల కాఠిన్యమును గణించు మో మానమున క్వార్ట్జు స్థానము 7. అది సామాన్యమైన ఉక్కును గీయగలదు. అట్టి రేణువులు పిస్టను రింగులకును సిలిండరు గోడకును నడుమ చిక్కినచో ఆకురాయివలె ఒరసి అరుగదీయును. పిమ్మట ఇంజను బిగువు తగ్గును, శక్తి సన్నగిల్లును, ఆయిలు మండి నీలిపొగ వచ్చును. స్వల్పవ్యయముతో పోవు పనిని అశ్రద్ధచేసినవాడు ఇంజనునే విప్పించుకొనవలసి వచ్చును.

డర్ట్ బైకులలో సాధారణముగా స్పాంజివంటి ఫోము ఫిల్టరు వాడుదురు. దాని రంధ్రములు సన్నని దుమ్ముకంటె పెద్దవి. ఆ దుమ్మును పట్టి నిలుపునది ఫోమునకు పట్టించిన జిగటయైన ఫిల్టరు ఆయిలు. కావున కడుగుట ఎంత ముఖ్యమో, తిరిగి ఆయిలు పట్టించుటయు అంత ముఖ్యము.

పని కష్టమైనది కాదు. శ్రద్ధ మాత్రము కావలెను. ఫిల్టరును వెలికిదీసిన వెంటనే ఇంజనులోనికి పోవు గాలిగొట్టపు నోటిని పరిశుభ్రమైన గుడ్డతో మూసి, పెట్టెలోని మట్టిని తుడువవలెను. ఫోమును దాని చట్రమునుండి విడదీసి, ఫిల్టరు క్లీనరులో మెల్లగా పిసికి, గోరువెచ్చని సబ్బునీట కడిగి, మంచినీట జాడింపవలెను. బట్టను పిండినట్లు మెలిపెట్టరాదు, అతుకులు విడిపోవును. పెట్రోలుతో కడుగరాదు, అది అతుకుల జిగురును చెఱచుటయే గాక నిప్పంటుకొను భయమును కలదు. నీడలో పూర్తిగా ఆఱిన పిమ్మట ఆయిలును అన్నివైపుల సమముగా పట్టించి, అధికమైనదానిని పిండివేయవలెను. అంచునకు కొంచెము గ్రీజు పూసి, గుడ్డను తీసివేసి, ఇసుమంత సందైనను లేకుండ ఫిల్టరును బిగింపవలెను. సందున్నచో కడిగిన శ్రమయంతయు వ్యర్థము. దుమ్ము ప్రక్కదారిని పోవును.

ఫోము చిరిగినను, అతుకు విడిచినను, వ్రేలితో నొక్కినప్పుడు పొడియై రాలినను దానిని తీసి పాఱవేయవలసినదే. అట్టిదానిని మఱల కడిగి వాడుట పొదుపు కాదు. మన యిండ్లలోని బండ్లలో పెక్కింటికి కాగితపు ఫిల్టరుండును. దానిని నీట కడుగరాదు. ఆయిలు పట్టించిన కాగితమైనచో గాలి కొట్టియు దులుపరాదు. బండితో నిచ్చిన పుస్తకమున చెప్పిన గడువునకు, దుమ్ముదారులలో తిరుగు బండికైనచో అంతకుముందే, క్రొత్తదానిని వేయవలెను.

“మెకానిక్కు ఉండగా మనకేల?” అని కొంద ఱందురు. మెకానిక్కు బండిని కొన్ని నెలల కొకమాఱు చూచును. దుమ్ము ప్రతిదినమును వచ్చును. మట్టిలో తిరిగిన ప్రతిమాఱును ఫిల్టరును చూడగలవాడు నడపువాడొక్కడే. మఱికొందఱు యువకులు ఫిల్టరును తీసివేసినచో వేగము హెచ్చునని చెప్పుకొందురు. అది వాకిట కావలివానిని పంపివేసి తలుపులు తెఱచి నిద్రించుట వంటిది. చదువుకొన్నవారికి నూనె చేతులు తగవను తలంపు మన యిండ్లలో నింకను కలదు. మసి సబ్బుతో పోవును. చేతకానితనము సబ్బుతో పోదు.

1978 డిసెంబరులో పారిసునుండి మొదటిసారి బయలుదేఱిన డాకరు ర్యాలీని 2020 నుండి సౌదీ అరేబియా ఎడారులలో నడుపుచున్నారు. దక్షిణ అమెరికాలో జరిగిన 2015 పందెమున సి. ఎస్. సంతోష్ చివరిదాక నిలిచి, దానిని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యెను. ఆ పందెమున మారథాను దశ యనునది యొకటి కలదు. అప్పుడు బయటి మెకానిక్కుల సాయము లేదు. నడపువారే తమ బండ్లను బాగుచేసికొనవలెను. లోకమున మిక్కిలి ఆరితేఱిన సవారులకే తప్పని యీ పని మనకు చిన్నతన మెట్లగును?

తల్లిదండ్రుల కొక మనవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారు 50 సి.సి. మించిన మోటారు సైకిలును రహదారిపై నడపరాదు. కావున బాలునికి తాళపుచెవి నిచ్చుటకు తొందరపడకుడు. ఫిల్టరు మూత విప్పుటకు మాత్రము లైసెన్సు అక్కఱలేదు. బాలుడైనను బాలికయైనను ముందుగా ఆ మూత విప్పి, దుమ్మును చూచి, దాని కారణమును తెలిసికొని, తిరిగి సరిగా బిగింప నేర్చుకొననిండు. యంత్రమును కాపాడ నేర్చినవారికే యంత్రమును నడపు అర్హత కలుగును.