చక్రములపై గృహము



మన యాడుపడుచులు పలువురు నేడు కెనడా, అమెరికా దేశములలో కాపురములు చేయుచున్నారు. వేసవి సెలవులలో వారును, వారిని చూడబోయిన తల్లులును, ఉత్తరారణ్యములకు యాత్ర వెడలుట కలదు. అందులకు ఆర్.వి. యను మోటారు ఇల్లు అనుకూలము. పొయ్యి, పడకలు, స్నానపు గది యన్నియు నందే యుండును. ఇల్లే వెంట వచ్చుచుండగా ఇల్లాలికి చింత యేల యని తోచవచ్చును. కాని యచట గృహిణి జాగ్రత్తపై ప్రాణము లాధారపడి యుండును. మనుష్యులవే కాదు, మృగములవి కూడ.

అలాస్కా రహదారినే చూడుడు. 1942లో యుద్ధావసరమునకై పదివేలకు మించిన అమెరికా సైనికులు దీనిని ఇంచుమించు ఎనిమిది మాసములలో వేసిరి. 1948లో ఇది సామాన్య ప్రయాణికులకు తెఱువబడెను. కెనడాలోని డాసన్ క్రీక్ మొదలు అలాస్కాలోని డెల్టా జంక్షన్ వరకు నేడు సుమారు 2,200 కిలోమీటర్లు. త్రోవలో వాట్సన్ లేక్ అను నూర పలకల వనమొకటి కలదు. ఇంటిపై బెంగగొన్న సైనికుడొకడు 1942లో తన యూరి పేరును, దూరమును వ్రాసి నిలిపిన పలకయే దానికి మొదలు. తరువాతి బాటసారులు తమ యూళ్ల పేళ్లు చేర్చగా అవి వేలకొలది యయ్యెను.

ఈ దారిలో ఊళ్లు దూరదూరముగా నుండును. పెట్రోలు సగము తరుగగనే నింపుకొనవలెను. బియ్యము, పప్పు, పిల్లల మందులు ముందే సమకూర్చుకొనవలెను. బండిలో మంచినీటికొక తొట్టి, కడిగిన నీటికొకటి, మలమునకొకటి యుండును. తుది రెంటిని నియమిత స్థలములందే ఖాళీ చేయవలెను గాని నేలపై విడువరాదు. చలి కాచుకొనుటకై వంటపొయ్యి వెలిగించి నిదురింపరాదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు నిదురలోనే ప్రాణము తీయును. దానిని కనిపెట్టి మ్రోగు యంత్రము పనిచేయుచున్నదో లేదో బయలుదేరక మునుపే చూచుకొనుడు.

ఇక ముఖ్యమైన మాట. కాకికి ముద్ద పెట్టుట, చీమలకు నూక చల్లుట మన యిండ్ల యాచారము. భూతయజ్ఞమును పంచమహాయజ్ఞములలో నొకటిగా పెద్దలు చెప్పిరి. ఆ యడవులలో మాత్రము ఎలుగుబంటికి ముద్ద పెట్టుట దానిని చంపుటయే. మనుష్యుల తిండి రుచి మఱగిన యెలుగు భయము విడిచి విడిదులకు మరల మరల వచ్చును. తుదకు జనుల ప్రాణరక్షణకై అధికారులే దానిని కాల్చి చంపుట తటస్థించును. కావుననే అచట వన్యమృగములకు తిండి పెట్టుట చట్టరీత్యా నేరము.

బుద్ధిపూర్వకముగా పెట్టకున్నను, ఏమఱుపాటున పెట్టినట్లే యగుట కలదు. ఎలుగు ఘ్రాణశక్తి మిక్కిలి గొప్పది. పోపు గిన్నె, ఊరగాయ సీసా, ఎంగిలి విస్తరి, సబ్బు, తలనూనె సైతము దానిని రప్పించును. వీనిని వెంటనే బండిలో పెట్టి తలుపు బిగింపవలెను. చెత్తను ఎలుగులు తెఱువలేని ఇనుప పెట్టెలలోనే వేయవలెను. జూను మాసమున వైట్‌హార్స్ నగర ప్రాంతమున పగలు సుమారు 19 గంటలుండును. పొద్దు గ్రుంకలేదు గదా యని పాత్రలు బయట నుంచరాదు. ఎలుగు కనబడినచో ఫోటోకై చేరువకు పోక, కనీసము 100 మీటర్ల దూరమున నుండవలెను. త్రోవప్రక్క నయినచో బండి దిగనే కూడదు.

ఇన్ని పనులను ఇల్లాలి నెత్తినే వేసినచో ఆమెకది యాత్ర కాదు, ఇరుకింటి చాకిరి. తొట్ల పని భర్త చేయవలెను. ఎంగిలి మెతుకు లేఱుట పిల్లలకు అప్పగింపుడు. ఎందులకో కారణము చెప్పినచో వారు మనకంటె శ్రద్ధతో చేయుదురు. అట్లు పంచుకొన్ననాడు ఆమెయు ఆ మంచుకొండలను, సరస్సులను కన్నులార చూడగలదు.