మిగిలిన పాదం

మధుమేహం చడీచప్పుడు లేకుండా పాదాల్లోని నరాలను మొద్దుబారుస్తుంది. అట్టి పాదంతో దమ్మపేట పామాయిల్ తోటలో చెప్పులు లేక నడిచే కూలీకి మట్టముల్లు దిగినా నొప్పి తెలియదు. పుండు ముదిరితే, ప్రాణం నిలపడానికి కాలు తీసివేయవలసి రావచ్చు.

కాలు కోల్పోయినవారిని మొదట దుఃఖించనివ్వాలి. ఆ దుఃఖాన్ని పిరికితనమనడం అన్యాయం. మితిమీరిన జాలి అంతకన్న పెద్ద అన్యాయం. 'నీవు కూర్చో, మేము చూసుకుంటాం' అనే మాట ప్రేమతో అన్నదే అయినా, ఇంటి పెద్దను ఇంటికి బరువుగా మారుస్తుంది. కూలి లెక్కలు, గెలల బేరం, పిల్లల చదువు ఆయన చేతిలోనే ఉండాలి.

గాయం మానిన పిదప కృత్రిమ పాదం ఆ పనుల పరిధిని పెంచుతుంది. 1981లో బస్సు ప్రమాదం వల్ల కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూర్ పాదంతో మళ్ళీ నాట్యమాడారు. తన జీవితం ఆధారంగా వచ్చిన తెలుగు చిత్రం 'మయూరి'లో తానే నటించారు. అందరూ నర్తించనక్కరలేదు. గుమ్మం దాటి తోట వరకు నడిచినా విజయమే.

మిగిలిన పాదాన్ని ప్రతిరాత్రి దీపం వెలుగులో పరీక్షించుకునేవాడు రేపు నడవాలని కోరుకుంటున్నాడు. ఆశకు అంతకన్న నిదర్శనమేమి కావాలి?